మారుమూల చోటుకు ఇంటర్నెట్: ఏ రేడియో లింకు ఎక్కడ పనికివస్తుంది

కేబుల్ చేరని చోటికి ఇంటర్నెట్ తీసుకువెళ్లాలనుకునేవారు చాలావరకు "ఏ కంపెనీ రేడియో మంచిది?" అన్న ప్రశ్నతో మొదలుపెడతారు. ఆ ప్రశ్నను మూడో స్థానానికి జరపమని నా మనవి. సిగ్నల్ బయలుదేరే చోటుకూ చేరవలసిన చోటుకూ నడుమ ఏముంది అన్నది మొదటి ప్రశ్న. అక్కడ కరెంటు ఎక్కడినుంచి వస్తుంది, ఎన్ని గంటలు ఉంటుంది అన్నది రెండవది. ఈ రెండింటికీ నిజమైన జవాబులు చేతిలో ఉంటే ఎంపిక చాలావరకు దానంతటదే తేలిపోతుంది. లేకపోతే ఎంత ఖరీదైన పరికరం తెచ్చినా అది స్తంభం మీద ఊరికే వేలాడుతుంది. ఈ వ్యాసంలో 5 గిగాహెర్ట్జ్ లింకులు (రెండు చోట్లను కలిపే రేడియో అనుసంధానాలు), లైసెన్సు తీసుకుని వాడే మైక్రోవేవ్ రేడియో, ఒక గిగాహెర్ట్జ్ కంటే తక్కువ పౌనఃపున్యాలు, మొబైల్ నెట్‌వర్కు, ఉపగ్రహం అనే మార్గాలను పోల్చి, ఏది ఎప్పుడు తగినదో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందు దారిని చూడాలి

రెండు యాంటెన్నాలు ఒకదానికొకటి కనిపిస్తే చాలునని అనుకోవడం సహజమే గాని, అది సగం నిజం మాత్రమే. రేడియో తరంగం దారంలా సన్నగా పోదు. అది రెండు చివరల సన్నగా, మధ్యలో లావుగా ఉండే కండె ఆకారంలో చోటును ఆక్రమించుకుంటూ వెళుతుంది. దానినే ఫ్రెనెల్ జోన్ అంటారు. ఆ కండెలో కనీసం 60 శాతం వ్యాసార్థం మేరకు ఏ అడ్డూ లేకుండా చూసుకోవాలి. దూరం 10 కిలోమీటర్లు, పౌనఃపున్యం 5.8 గిగాహెర్ట్జ్ అయినప్పుడు సరిగ్గా మధ్యలో ఆ వ్యాసార్థం సుమారు 11.4 మీటర్లు ఉంటుంది. అంటే కంటికి కనిపించే గీతకు చుట్టూ దాదాపు 7 మీటర్ల ఖాళీ కావాలి. అదే దూరానికి 2.4 గిగాహెర్ట్జ్ వాడితే వ్యాసార్థం 17.7 మీటర్లకు, 900 మెగాహెర్ట్జ్ వాడితే దాదాపు 29 మీటర్లకు పెరుగుతుంది. తక్కువ పౌనఃపున్యం అడ్డంకులను బాగా దాటుతుందని నమ్మి పొట్టి స్తంభం వేసేవారు ఈ సంగతి గమనించాలి.

దీనికి భూమి వంపును కూడా కలపాలి. వాతావరణం తరంగాన్ని కొద్దిగా కిందికి వంచుతుంది కనుక కొంత మేలు జరుగుతుంది. అయినా 10 కిలోమీటర్ల దారి మధ్యలో భూమి సుమారు ఒకటిన్నర మీటర్లు, 20 కిలోమీటర్లకు దాదాపు 6 మీటర్లు, 40 కిలోమీటర్లకు 23 మీటర్లకు పైగా ఉబ్బి ఉంటుంది. కాబట్టి చదునైన నేల మీద దూరం రెట్టింపయితే టవర్ ఎత్తు కొంచెం పెరిగితే సరిపోదు, చాలా పెరగాలి. ఎత్తైన గుట్ట ఒకటి దారిలో ఉంటే రెండు చివర్లలోనూ పెద్ద టవర్లు కట్టడం కంటే గుట్టపై రిపీటర్ (సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపే పరికరం) పెట్టడమే దాదాపు ఎప్పుడూ మేలు.

ఎత్తుల పటాలను ఉచితంగా చూపించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, అవి గుట్టలను బాగానే పట్టుకుంటాయి. చెట్ల విషయంలో మాత్రం వాటిని నమ్మకూడదు. ఆకులు రాలిన కాలంలో నేను ఒక లింకు బిగించాను. దారి మధ్యలో మోడులా నిలబడ్డ నాలుగైదు చెట్లను చూసి, వాటి కొమ్మల సందుల్లోంచి అవతలి స్తంభం స్పష్టంగా కనబడుతోంది కదా అనుకున్నాను. మూడు నెలలు ఏ లోపమూ లేకుండా నడిచింది. చిగుళ్లు వేశాక వేగం సగానికి పడింది, మొదటి వాన కురిసిన రోజు పూర్తిగా ఆగిపోయింది. 5 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 5 సెంటీమీటర్ల చిల్లర మాత్రమే. తడిసిన ఆకులు దానికి నీటి గోడతో సమానం. అప్పటినుంచి దారి పరిశీలించేటప్పుడు చెట్టు ఈనాటి ఎత్తు కాక ఐదేళ్ల తరువాతి ఎత్తు ఊహించుకుని లెక్క వేస్తున్నాను.

చూపు ఆనే దారి ఉంటే

దారి ఖాళీగా ఉన్నప్పుడు 5 గిగాహెర్ట్జ్ పాయింట్ టు పాయింట్ (ఒక చోటు నుంచి ఒకే చోటుకు వెళ్లే) లింకును మించిన ఎంపిక లేదని నా నిశ్చితాభిప్రాయం. పరికరాలు సులువుగా దొరుకుతాయి, కరెంటు తక్కువ తింటాయి, ఎక్కువ దేశాల్లో ఈ బ్యాండ్‌లోని కొన్ని భాగాలకు విడిగా స్పెక్ట్రమ్ లైసెన్సు అక్కర లేదు. ఏ భాగాన్ని ఆరుబయట వాడవచ్చు, యాంటెన్నాతో కలిపి ఎంత శక్తి వరకు పంపవచ్చు అన్నది దేశానికో రకంగా ఉంటుంది గనుక నిబంధనలు చదవకుండా ఛానెల్ ఎంచుకోవడం తగదు. కొన్ని ఛానెళ్లను వాతావరణ రాడార్లతో పంచుకోవలసి ఉంటుంది. అక్కడ రేడియో ముందు కనీసం ఒక నిమిషం పాటు విని, రాడార్ వినబడితే ఆ ఛానెల్ వదిలి తప్పుకోవాలి. లింకు అప్పుడప్పుడు అకారణంగా తెగి ఒకటి రెండు నిమిషాల్లో తిరిగి వస్తున్నట్టయితే మొదట అనుమానించవలసింది దీనినే.

ఎంత సిగ్నల్ అందుతుందో కొనకముందే లెక్క కట్టవచ్చు, కట్టాలి కూడా. 10 కిలోమీటర్ల దూరాన 5.8 గిగాహెర్ట్జ్ తరంగం ఖాళీ ప్రదేశంలోనే సుమారు 128 డెసిబెల్స్ (సిగ్నల్ హెచ్చుతగ్గులకు కొలత) నష్టపోతుంది. నిబంధన ప్రకారం యాంటెన్నాతో కలిపి 36 డీబీఎం (సిగ్నల్ శక్తికి కొలత) వరకే పంపవచ్చని అనుకుందాం. అవతల 25 డీబీఐ (యాంటెన్నా సిగ్నల్‌ను ఒకే దిక్కుకు ఎంత పోగుచేస్తుందో చెప్పే కొలత) డిష్ ఉంటే, 36 నుంచి 128 తీసివేసి 25 కలపగా మైనస్ 67 డీబీఎం వస్తుంది. మైనస్ తరువాతి అంకె ఎంత పెద్దదైతే సిగ్నల్ అంత బలహీనం. మీకు కావలసిన వేగానికి ఆ రేడియో మైనస్ 80 అడుగుతుందనుకుంటే చేతిలో మిగిలింది 13 డెసిబెల్స్ మాత్రమే. నేనైతే 20 దాకా మిగలాలంటాను. అందుకు శక్తి పెంచే వీలు లేదు, ఎందుకంటే నిబంధన ఒప్పుకోదు. కాని 30 డీబీఐ డిష్ పెడితే వినికిడి 5 డెసిబెల్స్ మెరుగవుతుంది. పెద్ద డిష్ వల్ల అసలైన లాభం గట్టిగా అరవడంలో లేదు, చక్కగా వినడంలోనూ పక్కలనుంచి వచ్చే గోలను తగ్గించుకోవడంలోనూ ఉంది. దూరం రెట్టింపయిన ప్రతిసారీ మరో 6 డెసిబెల్స్ పోతాయని గుర్తుంచుకుంటే మిగతా లెక్కలు నోటితోనే వేసుకోవచ్చు.

ఈ లెక్క బిగించే రోజున కూడా అక్కరకు వస్తుంది. డిష్‌ను మెల్లగా తిప్పుతూ ఉంటే సిగ్నల్ పెరిగి, తగ్గి, మళ్లీ పెరుగుతుంది. ప్రతి డిష్‌కూ అసలు కిరణంతో పాటు దాని పక్కన చిన్న చిన్న కిరణాలు ఉంటాయి. మొదట దొరికిన శిఖరం దగ్గరే నట్లు బిగించేస్తే ఆ పక్క కిరణానికే కట్టుబడిపోతాము. లెక్క మైనస్ 67 చెబుతుండగా తెర మీద మైనస్ 83 కనిపిస్తోందంటే జరిగింది చాలావరకు అదే. ఒక మనిషి ఒక చివర మాత్రమే కదపాలి, ఇంకొక చివర కదలకుండా ఉండాలి. ఎడమకు పూర్తిగా, కుడికి పూర్తిగా తిప్పి, ఉన్న శిఖరాలన్నీ చూశాకే పెద్దదాని దగ్గర ఆపాలి. తరువాత పైకి, కిందికి అదే పని చేయాలి. నట్టు బిగించేటప్పుడు డిష్ ఒక డిగ్రీ జరిగిపోతుంది కాబట్టి బిగించాక అంకె మళ్లీ చూడాలి.

దూరం ఎంతవరకు అని అడిగేవారికి ఒక ఉదాహరణ చెబుతాను. 2007లో ఎర్మాన్నో పియెట్రోసెమోలి బృందం వెనిజులాలో రెండు పర్వతాల మధ్య 382 కిలోమీటర్ల దూరం వైఫై పరికరాలతో కలిపింది. అది సాధ్యపడింది పరికరం గొప్పతనం వల్ల కాదు, ఎత్తైన శిఖరాలు ఇచ్చిన ఖాళీ దారి వల్ల. అదొక ప్రయోగం. రోజూ ఆధారపడే లింకుకు 15 నుంచి 30 కిలోమీటర్ల వరకు నిశ్చింతగా ఆలోచించవచ్చు, ఆపైన ప్రతి కిలోమీటరుకూ తగిన కారణం ఉండాలి. దూరం పెరిగితే కాలం కూడా అడ్డుపడుతుంది. సిగ్నల్ 30 కిలోమీటర్లు వెళ్లడానికి 100 మైక్రోసెకన్లు పడుతుంది. ఇంట్లో వాడే వైఫై పద్ధతి అంతసేపు జవాబు కోసం ఎదురుచూడదు, పోయిందనుకుని మళ్లీ పంపుతుంది. అందుకే రేడియో సెట్టింగులలో దూరాన్ని సరిగా నమోదు చేయాలి.

ఒకే టవర్ నుంచి పది ఇళ్లకో నాలుగు బడులకో పంచవలసి వస్తే పాయింట్ టు మల్టీపాయింట్ కావాలి. ఇక్కడ అసలు సమస్య టవర్‌కు అందరూ వినబడతారు గాని వారిలో వారు ఒకరికొకరు వినబడకపోవడం. ఈ చిక్కు కొత్తది కాదు. నార్మన్ అబ్రామ్సన్ నాయకత్వంలో హవాయి విశ్వవిద్యాలయం 1971లో దీవుల మధ్య నడిపిన అలోహానెట్‌లో ప్రతి కేంద్రమూ తనకు తోచినప్పుడు పంపేది, ఢీకొంటే మళ్లీ పంపేది. ఆ పద్ధతిలో ఛానెల్ సామర్థ్యంలో 18 శాతానికి మించి వాడుకోలేమని గణితం తేల్చింది. నేటి మంచి ఔట్‌డోర్ రేడియోలలో ఒక్కొక్కరికి ఒక్కో కాలఖండం కేటాయించే టీడీఎంఏ పద్ధతి ఉంటుంది. పంపిణీ లింకు కొనేటప్పుడు డబ్బా మీద రాసిన మెగాబిట్ల కంటే ఈ ఒక్క అంశాన్ని ముందు అడగండి. ఆ మెగాబిట్లలో కూడా మీకు నిజంగా అందేది సగం అనుకుంటే నిరాశ ఉండదు.

2.4 గిగాహెర్ట్జ్‌ను దూరపు లింకుకు నేను సిఫారసు చేయను. అందులో ఒకదానిమీద ఒకటి పడని ఛానెళ్లు మూడే ఉన్నాయి, చుట్టుపక్కల ప్రతి రౌటరూ దానినే వాడుతుంది. 60 గిగాహెర్ట్జ్ పరికరాలు గిగాబిట్ వేగాన్నిస్తాయి, పక్కవారి గోల కూడా ఉండదు. అయితే గాలిలోని ఆక్సిజనే దానిని కిలోమీటరుకు 15 డెసిబెల్స్ చొప్పున మింగేస్తుంది, వాన దానికి తోడవుతుంది. కిలోమీటరు లోపు దూరానికి అది మంచిది, అంతే.

లైసెన్సు మైక్రోవేవ్ ఎప్పుడు

వందల మంది ఒకే లింకు మీద ఆధారపడినప్పుడు, ఆసుపత్రి వంటి ఆగరాని సేవ అవతల ఉన్నప్పుడు, లేదా 5 గిగాహెర్ట్జ్ అప్పటికే కిక్కిరిసి ఉన్నప్పుడు దీనివైపు చూడాలి. ఆ పౌనఃపున్యం ఆ దారిలో మీకే కేటాయిస్తారు గనుక మరొకరు అడ్డుపడితే చట్టం మీ పక్షాన ఉంటుంది. 6 నుంచి 8 గిగాహెర్ట్జ్ లింకులు వానను తట్టుకుని 50 కిలోమీటర్ల దాకా కూడా నిలబడతాయి. 10 గిగాహెర్ట్జ్ దాటాక వాన వల్ల నష్టం వేగంగా పెరుగుతుంది. 80 గిగాహెర్ట్జ్ దగ్గర కొద్ది కిలోమీటర్లకే పరిమితం కావాలి. దరఖాస్తు, ఏటా రుసుము, బరువైన డిష్, గాలికి కదలని టవర్ అన్నీ దీనితో వస్తాయి. చిన్న సముదాయం మొదటి లింకుగా దీనితో మొదలుపెట్టడం తొందరపాటు అవుతుంది.

దారిలో చెట్లు, గుట్టలు ఉంటే

రిపీటర్‌కు తగిన ఎత్తు దొరకనప్పుడు మిగిలేది తక్కువ పౌనఃపున్యం. టీవీ ప్రసారాలకు కేటాయించగా కొన్ని చోట్ల ఖాళీగా మిగిలిన 470 మెగాహెర్ట్జ్‌కు పైని ఛానెళ్లను టీవీ వైట్ స్పేస్ అంటారు. ఈ తరంగాల పొడవు సుమారు అర మీటరు. ఆకుల మధ్యనుంచి చాలావరకు జారిపోతాయి, గుట్ట అంచున కొంత వంగుతాయి కూడా. అయితే ఒక టీవీ ఛానెల్ వెడల్పు 6 నుంచి 8 మెగాహెర్ట్జ్ మాత్రమే కాబట్టి కొన్ని పదుల మెగాబిట్లకు మించి ఆశించకూడదు. దీనికి అనుమతి ఉన్న దేశాలు కొన్నే, పరికరాల తయారీదారులు ఇంకా తక్కువ. ఏడాది తరువాత విడిభాగం దొరుకుతుందా అన్న ప్రశ్నకు జవాబు తెలుసుకున్నాకే ముందుకు వెళ్లాలి.

దీనికంటే ముందు పరీక్షించవలసింది మొబైల్ సిగ్నల్. చేతిలోని ఫోనుకు ఏమీ అందకపోయినా, 10 మీటర్ల స్తంభం మీద టవర్ వైపు తిప్పిన దిశాత్మక యాంటెన్నాకూ ఎల్‌టీఈ (4జీ) రౌటరుకూ అందవచ్చు. ఒక మనిషి, ఒక వెదురు గడ, ఒక పగలు చాలు ఈ పరీక్షకు. 700 నుంచి 900 మెగాహెర్ట్జ్ బ్యాండ్లలో పనిచేసే టవర్ దూరంగా ఉంటే ఫలితం తరచు ఆశ్చర్యపరిచేంత బాగుంటుంది. లోపం ఒకటే, టవర్ మీద రద్దీ మీ చేతిలో ఉండదు. పగలు వచ్చిన వేగం రాత్రి ఎనిమిదింటికి కూడా వస్తుందో లేదో చూసి నిర్ణయించుకోవాలి. లోరా అనే పరికరాల గురించి కూడా అడుగుతుంటారు. అది సెన్సర్ల నుంచి చిన్న చిన్న అంకెలు చేరవేయడానికి ఉద్దేశించినది, దానితో ఇంటర్నెట్ పంచలేము. 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ హెచ్‌ఎఫ్ రేడియో అయానోస్ఫియర్ అనే పై వాతావరణ పొర మీద పడి తిరిగి వస్తూ వేల కిలోమీటర్లు దాటుతుంది గాని దాని మీద పోయేది చిన్న ఈమెయిలు మాత్రమే. విపత్తు సమయంలో అది కూడా ఎంతో విలువైనదే.

ఉపగ్రహం

భూమి నుంచి చూస్తే ఆకాశంలో ఒకే చోట నిలిచినట్టు కనిపించే భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మీ అభ్యర్థన పైకి వెళ్లి దిగి, జవాబు మళ్లీ పైకి వెళ్లి దిగేసరికి కాంతి వేగంతోనే దాదాపు అర సెకను గడుస్తుంది. దీనిని ఏ పరికరమూ తగ్గించలేదు. ఈమెయిలుకూ పాఠాలు దింపుకోవడానికీ ఇబ్బంది లేదు, మాట్లాడేటప్పుడు మాత్రం ఒకరి మాట మీద ఒకరి మాట పడుతుంది. స్టార్‌లింక్ వంటి సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులోని వ్యవస్థలు ఈ జాప్యాన్ని కొన్ని పదుల మిల్లీసెకన్లకు దించాయి, దానితో మారుమూల ప్రాంతాల సంగతే మారిపోయింది. ఇరువైపులా టవర్లు అక్కర లేదు, ఒక పూటలో పని పూర్తవుతుంది. కాని భూస్థిర డిష్‌కు ఆకాశంలో ఒక్క దిక్కు ఖాళీగా ఉంటే చాలు, దీనికి మాత్రం తలపైన విశాలమైన ఆకాశం కావాలి. దట్టమైన అడవిలో ఒక్క కొమ్మ అడ్డం ఉన్నా ప్రతి కొద్ది నిమిషాలకు తెగుతుంది. మీ దేశంలో సేవకు అనుమతి ఉందా అన్నది కూడా చూసుకోవాలి.

ఉపగ్రహాన్నీ భూమి మీది రేడియోనూ ఒకదానికి బదులుగా మరొకటి అని పోల్చడం సరికాదని నా అభిప్రాయం. ఇంటర్నెట్ దొరికే చోటే 100 కిలోమీటర్ల దూరంలో ఉంటే ఐదు రిపీటర్లు నిలబెట్టడం కంటే ఊరి ఎత్తైన చోట ఒక ఉపగ్రహ టెర్మినల్ (ఉపగ్రహంతో మాట్లాడే డిష్ పరికరం) పెట్టి, అక్కడినుంచి 5 గిగాహెర్ట్జ్‌తో పంచడం వివేకం. అలా పంచుకోవడానికి ఆ ప్లాన్ షరతులు ఒప్పుకుంటాయో లేదో ముందే చదవాలి.

కరెంటు లెక్కే చాలాసార్లు తీర్పు చెబుతుంది

గుట్టపై రిపీటర్‌లో రెండు రేడియోలు, ఒక చిన్న నెట్‌వర్కు స్విచ్ కలిసి 20 వాట్లు తింటాయనుకుందాం. రోజుకు 480 వాట్ అవర్లు. మూడు రోజులు మబ్బు పట్టినా నడవాలంటే 1,440 కావాలి. 12 వోల్టుల దగ్గర అది 120 ఆంపియర్ అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది గనుక 240 ఆంపియర్ అవర్ల బ్యాటరీ పెట్టాలి. రోజుకు నాలుగు గంటల నిండు ఎండ, 30 శాతం నష్టం అనుకుంటే ప్యానెల్ 170 వాట్లకు తక్కువ కాకూడదు. అదే లెక్కను 75 వాట్లు తినే ఉపగ్రహ టెర్మినల్‌కు వేస్తే రోజుకు 1,800 వాట్ అవర్లు, 900 ఆంపియర్ అవర్ల బ్యాటరీ, 640 వాట్లకు పైగా ప్యానెల్ తేలుతుంది. అన్ని బ్యాటరీలను గుట్ట మీదికి మోసుకెళ్లవలసింది మనుషులే. గ్రిడ్ కరెంటు ఉన్న చోట ఉపగ్రహం తేలిక, సౌరశక్తి ఒక్కటే దిక్కైన చోట భూమి మీది రేడియో తేలిక. ఉపగ్రహం తప్పనిసరి అయితే రాత్రిపూట కొన్ని గంటలు ఆపడానికి టైమర్ పెట్టడం మంచి ఉపాయం.

నా చేతికి ఎంపిక వదిలితే

దారి ఖాళీగా ఉండి, 30 కిలోమీటర్ల లోపు మంచి ఇంటర్నెట్ దొరికితే 5 గిగాహెర్ట్జ్ లింకునే ఎంచుకుంటాను. ఒక్క గుట్ట అడ్డమైతే దానిపై సౌరశక్తితో నడిచే రిపీటర్ పెడతాను. రెండు రిపీటర్లకు మించి అవసరపడితే ఉపగ్రహం వైపు మొగ్గుతాను, ఎందుకంటే మధ్యలో ఏ ఒక్కటి ఆగినా ఊరంతా ఆగుతుంది. చెట్లే అడ్డమైతే మొదట మొబైల్ యాంటెన్నా పరీక్ష, అది కుదరకపోతే స్తంభం ఎత్తు పెంచడం, ఆ తరువాతే టీవీ వైట్ స్పేస్. వాడుక పెరిగి ఒక్క గంట ఆగినా నష్టమనే స్థితి వచ్చాక, అప్పటికే టవర్ ఉంటుంది కనుక లైసెన్సు మైక్రోవేవ్‌కు మారడం కష్టం కాదు.

రెండు మార్గాలు సరిసమానంగా తోచినప్పుడు, చెడిపోయిన రోజున ఆ ఊళ్లోనే ఉన్న మనిషి విప్పి మార్చగలిగినదానినే తీసుకోవాలి. దానితోపాటు ముందే బిగించే సిద్ధంలో ఉన్న ఒక అదనపు రేడియోను ఊళ్లో ఉంచాలి. పిడుగులనుంచి కాపాడే సర్జ్ ప్రొటెక్టర్లు కేబుల్ రెండు చివర్లా ఉండాలి, స్తంభానికి మంచి ఎర్తింగ్ ఉండాలి. కేబుల్ రేడియోలోకి దూరే ముందు కిందికి ఒక వంపు తిరిగి ఉండాలి, నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. రేడియోకు డేటాతో పాటు కరెంటు కూడా అందించే ఆ ఈథర్నెట్ కేబుల్ పొడవు 100 మీటర్లు దాటకూడదు. అమర్చిన రోజున రెండు చివర్లా కనిపించిన సిగ్నల్ అంకెనూ ఛానెల్‌నూ డిష్ దిశనూ తేదీతో సహా కాగితం మీద రాసి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, బ్యాటరీ పెట్టెలోపల అంటించండి. ఆరు నెలల తరువాత "నెట్ మందగించింది" అన్న కబురు వచ్చినప్పుడు, ఆనాడు మైనస్ 62 ఉన్నది ఇప్పుడు మైనస్ 74 అయిందో లేక అలాగే ఉందో చూస్తే, ఎక్కవలసింది స్తంభమా లేక సరిచేయవలసింది ఊళ్లోని రౌటరా అన్నది నిమిషంలో తెలుస్తుంది.